కీమోథెరపీ వాంతుల నివారణ – చరిత్ర

కీమోథెరపీ వల్ల వచ్చే వికారాన్ని, వాంతులను రాకముందే ఆపే వైద్యం 1980 దశకంలో మొదలై నేటికీ మెరుగవుతూనే ఉంది. దీని అవసరాన్ని అందరికంటే గట్టిగా గుర్తుచేసిన మందు సిస్‌ప్లాటిన్. 1978లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు వృషణాల క్యాన్సర్‌ను నయం చేయగలిగింది. అయితే వాంతులకు మందు ఇవ్వకుండా దీన్ని ఎక్కిస్తే నూటికి తొంభై మందికి పైగా వాంతులు చేసుకునేవారు. ఆ బాధ తాళలేక, తగ్గే జబ్బుకు కూడా చికిత్స మానేసినవాళ్లున్నారు. కొందరికి తర్వాతి విడతకు ఆస్పత్రిలో అడుగుపెట్టగానే, సెలైన్ పెట్టకముందే, డోకు వచ్చేది.

1981లో న్యూయార్క్‌కు చెందిన రిచర్డ్ గ్రల్లా బృందం వాంతుల మందు మెటోక్లోప్రమైడ్‌ను మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులో ఇచ్చి వాంతులను బాగా తగ్గించింది. కొందరికి, ముఖ్యంగా చిన్న వయసువారికి, మెడ, దవడ బిగుసుకుపోయేవి. అయినా అసలు దారి చూపింది ఈ మందే. అంత మోతాదులో అది డోపమైన్ అనే మెదడు రసాయనాన్నే కాక సెరటోనిన్ అనే రసాయనాన్ని కూడా అడ్డుకుంటోందన్న అనుమానం బలపడింది. ఎలుకలకు వాంతి చేసుకునే శక్తి లేదు కాబట్టి పరీక్షలు ఫెరెట్ అనే ముంగిసలాంటి జంతువుపై చేశారు. సెరటోనిన్ గ్రాహకాలను మూసేస్తే సిస్‌ప్లాటిన్ వాంతులు ఆగుతాయని 1986లో బ్రిటన్ పరిశోధకులు చూపించారు. జరిగేది ఇది: కీమో మందు తగలగానే చిన్నపేగు గోడలోని కణాలు సెరటోనిన్‌ను వదులుతాయి, అది వేగస్ నాడి కొసలను రేపితే ఆ కబురు మెదడుకు చేరి వాంతి మొదలవుతుంది. ఈ దారిని మూసే ఓండాన్‌సెట్రాన్‌కు 1991లో అమెరికా అనుమతి వచ్చింది. నేడు మన మందుల షాపుల్లో మామూలు వాంతులకూ ఇస్తున్నది ఇదే.

మొదటి రోజు గట్టెక్కినా రెండో, మూడో రోజున వాంతులు తిరగబెట్టేవి. వాటి వెనక ఎక్కువగా ఉన్నది సబ్‌స్టెన్స్ పి అనే మరో రసాయనం. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌కు తోడు, ఆ రసాయనాన్ని అడ్డుకునే అప్రెపిటెంట్ 2003లో రావడంతో ఈ లోటు చాలావరకు తీరింది.

వికారం మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. వాంతులను నర్సు లెక్కపెట్టగలదు. కడుపులో తిప్పడం రోగి చెబితే తప్ప తెలియదు. అందుకే అది చాలాకాలం చిన్నచూపుకు గురైంది. మానసిక వ్యాధులకు వాడే ఒలాంజపిన్ ఇక్కడ అక్కరకొచ్చింది. 2016లో వెలువడిన 380 మంది అధ్యయనంలో, ఐదు రోజులూ వికారమే లేనివారు ఈ మందుతో 37 శాతం, లేకుండా 22 శాతం. పగలంతా మత్తుగా ఉండటం దీని ఇబ్బంది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 10 మిల్లీగ్రాములకు బదులు 2.5 మిల్లీగ్రాములు ఇచ్చి, వాంతుల అదుపు తగ్గకుండానే ఆ మత్తును బాగా తగ్గించవచ్చని 2024లో నిరూపించారు.