పాత మోటారుసైకిలు పుట్టుపూర్వములు

అయ్యలారా, పాత మోటారుసైకిలును శాసనమువలె చదువవచ్చునన్నచో మీరు నవ్వుదురేమో. చదువకున్న నష్టము కొనువానిది.

రెండవ ప్రపంచయుద్ధమున (1939–45) బర్మింగుహాములోని బి.ఎస్.ఎ. కర్మాగారము సైన్యమునకై ఎం20 అను బండ్లను లక్షకు పైగా చేసినది. యుద్ధానంతరము మిగులు సరుకుగా అమ్ముడైన సైనికుల బండ్లు జనుల చేతికి వచ్చినవి. భాగములు దొరకని దినములలో ఒకదాని ఎముక మరొకదానికి అతికిరి.

అమలాపురమున నేనొకటి చూచితిని. అంతయు యుద్ధకాలపుదేనని అమ్మువాని మాట. చట్రముపైనున్న 'డబ్ల్యుఎం20' ముద్ర అందుకు సాక్ష్యమే. కాని ముందరి ఫోర్కు గొట్టములో గొట్టము జారెడి రకము. ఎం20కు అది 1948లో గాని రాలేదు. అంతకుముందు స్ప్రింగు పైకి కనబడు గర్డరు ఫోర్కే. ముందుభాగము పరాయిదన్నమాట.

చట్రపు సంఖ్యయు ఇంజను సంఖ్యయు కలియలేదని అచట కొందరు గగ్గోలు పెట్టిరి. అది దోషము కాదు. ఆ కర్మాగారమువారు రెంటికిని వేరువేరు సంఖ్యలే వేసెడివారు. చూడవలసినది ముందరి అక్షరములు. ఈ ఇంజనుపై అవి అరిగి అంకెలే మిగిలినవి. ఎం20కు ఎం21 అను అన్న కలదు. సిలిండరు వ్యాసము రెంటికిని 82 మిల్లీమీటర్లే. పిస్టను నడక మాత్రము దీనికి 94, దానికి 112. మూత విప్పి కొలిచితిమి. 112!

మన ఉప్పుగాలికి రేకులన్నియు తుప్పుపట్టియుండగా వెనుక మడ్డుగార్డొక్కటి నున్నగానుండుటయు నాకు నచ్చలేదు.

కొనవచ్చినవాడు కొబ్బరితోట ఏడాది రాబడి మూటగట్టి తెచ్చినాడు. ధర సగమునకు దిగినది. కాని రిజిస్ట్రేషను కాగితమునందలి ఇంజను సంఖ్య బండిమీది అంకెలతో కలియలేదు. ఆ మూట విప్పకయే అతడు ఇంటికి మరలినాడు.