పసుపుపెట్టె మొదలు అంతరాత్మ వఱకు

2024 వ సంవత్సరము మే నెల 13 వ తేదీన మేము అనకాపల్లి జిల్లాలోని యొక గ్రామమున ఎన్నికల పనిమీద నుంటిమి. నర్సీపట్నమున బడిపంతుళ్లమై బ్రతుకు మాబోంట్లకు ఈ విధి తప్పనిది. ఓటరు వ్రేలిపై సిరాచుక్క నుంచుట ఆనాడు మా వంతునకు వచ్చినది. ఎండ నడినెత్తికి వచ్చువేళ నొక వృద్ధురాలు లోపలికి వచ్చి, శాసనసభకొకటి, లోకసభకొకటి, రెండు మీటలును నొక్కి, మరలిపోవుచు మా బల్లయొద్ద నిలిచి, "బాబూ, మన గుర్తు పక్కన ఓ మనిసి బొమ్మున్నాది. ఆ బాబెవులు?" అని యడిగినది.

అచట గూర్చున్న ఏజెంట్లు పక్కున నవ్విరి. మేము సమాధానము చెప్పరాదు గనుక తల వంచుకొంటిమి. 2015 నుండియు ఓటుయంత్రముపై అభ్యర్థి ఛాయాచిత్రమును గూడ ముద్రించుచున్నారు. ఒకే పేరుగల యభ్యర్థులవలన గలుగు తికమకను పోగొట్టుటకై చేసిన యేర్పాటది. ఆ యవ్వ యెన్ని ఎన్నికలు చూచినదో గాని, గుర్తును ఇలవేలుపువలె నెఱుగును. ఆ గుర్తుచాటున నిలిచిన మనుష్యుని ఆనాడే మొదటిసారి చూచినది. ఓటు వేసిన పిమ్మటనైనను ఎవరని యడిగినది. మేము నవ్వలేకపోతిమి. మా యింట మూడుతరములుగా ఆ ప్రశ్న నడిగినవారు లేరు.

మా తాతగారు 1937 నాటి ఎన్నికలలో తొలిసారి ఓటు వేసినవారు. ఆనాడు ఓటు అందఱి సొత్తు కాదు. శిస్తు కట్టువారు, చదువు వచ్చినవారు, ఆస్తిగలవారి భార్యలలో కొందఱు, ఇంతవఱకే. మద్రాసు రాజధానిలో అభ్యర్థి కొక రంగుపెట్టె చొప్పున నుంచిరి. కాంగ్రెసువారికి దక్కిన రంగు పసుపు. మంగళకరమైన రంగు గనుక ఇల్లాండ్రకు చెప్పుటయు సులభమైనది. ఎనుబదియేండ్లు దాటిన పిదపకూడ "పసుపుపెట్టె" యను మాట వచ్చినపుడు తాతగారి కన్నులు మెఱసెడివి. ఆ పెట్టె యెవరిదని మేము బాల్యమున నడుగగా, "గాంధీగారిది" అనిరి. గాంధిగా రెచ్చటను పోటీ చేయలేదని బడిలో చదువుకొని వచ్చి చెప్పితిమి. తాతగారు కొంచెమాలోచించి, "అయితేనేమి?" అని యూరకుండిరి.

దీనిని మూఢత్వమని కొట్టివేయుట సులభము. కాని ఆ యెన్నికలోనే మా పాత విశాఖపట్టణము జిల్లాలో, బొబ్బిలిలో, జరిగిన సంగతిని చూచినచో ఆ పసుపురంగు చేసిన పని యెట్టిదో తెలియును.

బొబ్బిలి యన్నంతనే తెలుగువానికి జ్ఞప్తికి వచ్చునది 1757 నాటి యుద్ధము, తాండ్ర పాపారాయుడు. బుఱ్ఱకథలవారు ఆ కథను చెప్పి చెప్పి, తిన్న యుప్పునకై ప్రాణమిచ్చుటయే పరమధర్మమని పల్లెపల్లెకును నేర్పిరి. సరిగా 180 సంవత్సరములకు అదే బొబ్బిలిలో ఆ సంస్థానాధిపతియే, జస్టిసు పార్టీ నాయకుడై మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నున్నవాడు, ఓట్లకు నిలిచెను. ఎదుట నిలిచినవాడు వరాహగిరి వేంకటగిరి. బరంపురమున బుట్టి, ఐర్లండునకు బోయి న్యాయశాస్త్రము చదివి, వచ్చి రైలుకూలీల సంఘములలో పనిచేసిన మనుష్యుడు. ఒకవంక తరతరములుగా శిస్తు పుచ్చుకొన్న దొర, మఱియొకవంక పసుపుపెట్టె. రాజావారోడిరి. గిరిగారు గెలిచి రాజగోపాలాచార్యులవారి మంత్రివర్గమున కార్మికశాఖ వహించిరి. రాజధాని శాసనసభలోని 215 స్థానములలో 159 కాంగ్రెసువారివే యయినవి.

ఆ రోజున రైతు అభ్యర్థి గుణగణములను తూచి ఓటు వేసెనని మేము చెప్పజాలము. దొర మొగము చూచి వేయవలసిన ఓటును చూడక వేసెను, అంతే. ఆ సాహసమున కొక యూతకోల కావలసివచ్చినది. ఒంటరిగా దొర నెదిరింపలేనివాడు, తనవంటి లక్షలమంది అదే రంగుపెట్టెలో వేయుచున్నారను ధైర్యముతో ఎదిరించెను. పార్టీ యనునది ఆనాడు స్వామిభక్తిని దాటించిన పడవ. చిక్కు అటుపిమ్మట వచ్చినది. ఏఱు దాటినవారము పడవ దిగక, దానిలోనే కాపురము పెట్టితిమి. నేడు మన యిండ్లలో పార్టీ యింటిపేరువలె తండ్రినుండి కొడుకునకు వచ్చుచున్నది. కోడలు అత్తవారి యింటిపేరుతోపాటు అత్తవారి గుర్తును గూడ స్వీకరించుచున్నది. బి.ఎ. చదివిన కోడండ్లు సైతము! చీర రంగు విషయమున మామగారి మాట వినని యమ్మాయి ఓటు విషయమున వినుట మాకు వింతగా దోచును.

గిరిగారి చరిత్రనే మఱికొంత వెంబడింతము. ఈ విషయమున నాయన జీవితమొక పాఠ్యగ్రంథమువంటిది. 1952 లో లోకసభకు వెళ్లి కేంద్రమున కార్మికమంత్రియైరి. బ్యాంకు ఉద్యోగుల జీతములపై న్యాయమండలి యిచ్చిన తీర్పును ప్రభుత్వము మార్పుచేయగా, 1954 లో మంత్రిపదవిని విడిచిరి. తన పార్టీ ప్రభుత్వమే, తాను కూర్చున్న మంత్రివర్గమే; అయినను ఒప్పలేకపోయిరి. 1957 లో పార్వతీపురమునుండి నిలిచిరి. అది ద్విసభ్య నియోజకవర్గము. రెండుస్థానములలో నొకటి గిరిజనులకు ప్రత్యేకింపబడినది, ఒక్కొక్క ఓటరునకు రెండేసి ఓట్లు. ఫలితము వచ్చునప్పటికి మొదటి యిద్దఱును గిరిజనులే యయిరి. దిప్పల సూరిదొర గారు గిరిగారిని కొద్దివందల ఓట్ల తేడాతో దాటిపోయిరి. ప్రత్యేకస్థానమునకు నిలిచినవాడు సామాన్యస్థానమును గెలుచుకొనవచ్చునా యని వ్యాజ్యము సుప్రీముకోర్టువఱకు సాగి, గెలుచుకొనవచ్చునని 1959 లో తీర్పయ్యెను. దేశమంతట ప్రసిద్ధుడైన నాయకునికంటె కొండదొర నెక్కువగా కోరుకొన్న ఆ మన్యపు ఓటర్లను దలచుకొన్నపుడెల్ల, మన్యపుటంచున నున్న మా నర్సీపట్నమువారికి కొంత గర్వము కలుగకమానదు. అటువంటి ద్విసభ్య నియోజకవర్గములను 1961 లో చట్టము చేసి తొలగించిరి.

ఇక 1969. ఆ సంవత్సరము మే 3 వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు మరణించిరి. ఉపరాష్ట్రపతిగా నున్న గిరిగారు ఆ బాధ్యత వహించిరి. జులైలో బెంగుళూరున కూడిన కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు, ప్రధానమంత్రి ఇందిరాగాంధిగారి యిష్టమునకు విరోధముగా, లోకసభాధ్యక్షులైన నీలం సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించెను. అనంతపురము జిల్లా ఇల్లూరువారు, ఆంధ్రప్రదేశమునకు మొదటి ముఖ్యమంత్రి. ఇచ్చట చదువరులు గమనింపవలసిన విశేషమొకటి గలదు. 1967 లో సభాధ్యక్షపీఠమెక్కినపుడు, ఆ పీఠము పార్టీలకతీతమని తన కాంగ్రెసు సభ్యత్వమును విడిచిన పెద్దమనిషి సంజీవరెడ్డిగారు. పార్టీని దాటి చూచుట యెఱిగినవాడే పార్టీ యభ్యర్థి యయ్యెను. పసుపుపెట్టెతో పైకివచ్చిన గిరిగారు ఆ పార్టీకే యెదురుగా స్వతంత్రుడై నిలిచిరి. జులై 19 న 14 బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై సంతకము పెట్టి, మఱునాడు పదవికి రాజీనామా యిచ్చిరి.

ఇందిరాగాంధిగారు రెడ్డిగారి నామపత్రముపై తామే సంతకము చేసియుండిరి. పార్టీ యధ్యక్షులు నిజలింగప్పగారు, ద్వితీయ ప్రాధాన్యపు ఓట్లకై జనసంఘము, స్వతంత్రపార్టీల నాయకులతో మాటలాడిరి. దానిని కారణముగా జూపి ప్రధాని విప్పు జారీచేయక, సభ్యులు తమ తమ అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయవచ్చుననిరి. "అంతరాత్మ ప్రబోధము" అను మాట ఆ వేసవి పిమ్మట తెలుగు పత్రికలలో నానుడియైనది. ఆగష్టు 16 న రహస్య ఓటింగు జరిగినది. లెక్కింపగా ప్రథమ ప్రాధాన్యపు ఓట్లు గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, చింతామణి దేశముఖ్ గారికి 1,12,769. గెలుపునకు 4,18,169 కావలెను. ఎవరికిని రాలేదు. మిగిలినవారి ద్వితీయ ప్రాధాన్యములను పంచగా గిరిగారు 4,20,077, రెడ్డిగారు 4,05,427. ద్వితీయ ప్రాధాన్యపు లెక్కతో గెలిచిన రాష్ట్రపతి మన దేశమున మఱియొకరు లేరు.

మా తాతగా రీ వార్తను ఊరి పఠనమందిరమున రేడియోలో వినిరట. ఇంటికివచ్చి పాయమ్మీద కాళ్లు కడుగుకొనుచు, "ఇద్దఱును మనవారే. ఇద్దఱును మనవారయినపుడు మన మెటు?" అని నాయనమ్మ నడిగిరట. ఆమె, "వారిలో మంచివాడెవరో చూడరాదా?" అన్నదట. ఈ ముచ్చట మా నాయనగారు చెప్పగా వింటిమి. తాతగారు ఏమని బదులు చెప్పిరో ఆయన చెప్పలేదు.

అంతరాత్మ గెలిచినదని ఆనాడు పండుగ చేసికొన్నవారు కలరు. మేమంత తొందరపడము. విప్పు లేనంతమాత్రమున ఓటు స్వేచ్ఛగా పడినదనరాదు. పార్టీ పెద్దల నాజ్ఞను ధిక్కరించి ప్రధాని మనస్సెఱిగి వేసినవారు ఒక నాయకత్వమును విడిచి మఱియొక నాయకత్వమును బట్టుకొన్నవారే. రెడ్డిగారిని గుఱించి నీచమైన కరపత్రమొకటి పార్లమెంటు సెంట్రలు హాలులో చేతులు మాఱినది. ఎన్నికపై వ్యాజ్యము సుప్రీముకోర్టుకు బోగా, పదవిలో నున్న రాష్ట్రపతియే స్వయముగా వెళ్లి సాక్ష్యమిచ్చిరి. 1970 లో వ్యాజ్యము కొట్టివేయబడినది. అభ్యర్థి గుణములను విచారింపుడని చెప్పిన ఎన్నికలో, విచారణమునకు బదులు బురదయే యెక్కువగా పంచబడుట విచారకరము. నవంబరు నాటికి ప్రధానిని పార్టీనుండి వెలివేసిరి. కాంగ్రెసు రెండుగా చీలెను. చీలిన రెండును తమకు తమకు విధేయతను పూర్వముకంటె గట్టిగా కోరసాగెను.

మహాభారతమున వికర్ణుని కథ మాకిచ్చట తోచుచున్నది. ద్యూతసభలో భీష్మద్రోణులు నోరు మెదపకున్నపుడు, ద్రౌపది యడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పుడని లేచి నిలిచినవాడు దుర్యోధనుని తమ్ముడే. ఆమె గెలువబడలేదని స్పష్టముగా పలికెను. కర్ణుడు కుఱ్ఱవాడవని గద్దించెను. ఆ వికర్ణుడే కురుక్షేత్రమున అన్న పక్షమున పోరాడి భీముని చేత మరణించెను. సభలో అంతరాత్మ, రణములో పక్షము! మన శాసనసభ్యులలో వికర్ణులు లేకపోలేదు. 1985 లో వచ్చిన పార్టీఫిరాయింపుల నిరోధకచట్టము వారిని సభలో విప్పునకు కట్టివేసినది. ధనమునకు గోడదూకువారిని ఆపుటకు వచ్చిన చట్టము మనస్సు చెప్పిన మాట చెప్పువానిని గూడ ఆపుచున్నది. రాష్ట్రపతి యెన్నికలో మాత్రము నేటికిని విప్పు లేదు. మన ఓటునకును లేదు. తెరచాటున నున్నపుడు మన చేతిని పట్టుకొనువాడు చట్టమున నెవడును లేడు. పట్టుకొనునది అలవాటు, బంధుత్వము, ఇటీవల చేతిలో పెట్టు నోటు.

2003 తీర్పు పిమ్మట అభ్యర్థులు తమపై నున్న క్రిమినలు కేసులను, ఆస్తులను, అప్పులను, చదువును ప్రమాణపత్రములో వ్రాసి యీయవలసినదే. ఆ కాగితములు బహిరంగముగానే యుండును. మా పాఠశాలలోని యుపాధ్యాయులలో దానిని చదివినవారెందఱని మొన్న విరామసమయమున లెక్కించితిమి. మేము పదునొకండుగురము, చదివినవారు ఒక్కరు. ఆ యొక్కరు మేము కాము.

సంజీవరెడ్డిగారి సంగతి చెప్పి ముగింతుము. ఓటమి పిమ్మట ఇల్లూరికి బోయి వ్యవసాయము చూచుకొనిరి. 1977 లో ఆంధ్రప్రదేశమున 42 లోకసభ స్థానములలో 41 కాంగ్రెసువారే గెలిచిరి. జనతాపార్టీకి దక్కిన ఒక్క స్థానము నంద్యాల; గెలిచినవారు రెడ్డిగారు. చుట్టును అన్ని నియోజకవర్గములు ఒకవంకకు మొగ్గుచుండగా నంద్యాలవారు గుర్తును గాక మనుష్యుని చూచిరని మా యూహ. జులైలో రాష్ట్రపతి యెన్నిక వచ్చినది. 37 నామపత్రములు దాఖలుకాగా పరిశీలనలో తక్కినవన్నియు తిరస్కరింపబడి రెడ్డిగారిది మాత్రమే నిలిచినది. ఎనిమిదేండ్లక్రిందట ఎవరికి వేయవలెనని దేశమంతయు తర్జనభర్జన పడిన ఆ మనుష్యుని గుఱించి, ఈసారి ఎవ్వరును ఓటు వేయవలసిన పనియే లేకపోయెను.