మూత్రనాళ ఇ.కోలై విషాలు

మూత్రనాళ వ్యాధిని కలిగించే ఎషెరీషియా కోలై (ఇ.కోలై) అను బాక్టీరియా తయారుచేసే విష ప్రోటీన్లను మూత్రనాళ ఇ.కోలై విషాలు అంటారు. వీటిలో ఆల్ఫా హీమోలైసిన్, సి.ఎన్.ఎఫ్.1 ముఖ్యమైనవి. ఇ.కోలై సాధారణంగా మనిషి పెద్దప్రేగులో ఏ హానీ చేయక నివసిస్తుంది. ఆ జాతిలోనే కొన్ని రకాలు మూత్రమార్గంలోకి చేరి మూత్రాశయాన్ని, ఒక్కొక్కప్పుడు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మూత్రమార్గం పొట్టిగా ఉండుటచే స్త్రీలలో ఈ వ్యాధి ఎక్కువ.

ఆల్ఫా హీమోలైసిన్

ఇది 1024 అమైనో ఆమ్లాలు గల ప్రోటీను. కణపు పొరకు రంధ్రం చేస్తుంది. రక్తం కలిపిన అగార్ పళ్ళెంలో ఈ బాక్టీరియాను పెంచితే ఎర్రకణాలు పగిలి, చుట్టూ తేటైన వలయం ఏర్పడుతుంది. పేరు ఎర్రకణాలను బట్టి వచ్చినా, రోగిలో ఇది మూత్రపిండ కణాలను, తెల్లకణాలను కూడా గాయపరుస్తుంది. కొద్ది మోతాదులో కణాన్ని చంపకుండానే దాని లోపలి సంకేతాలను తారుమారు చేస్తుంది.

దీని తయారీకి నాలుగు జన్యువులు వరుసగా ఉన్నాయి. హెచ్.ఎల్.వై.-ఎ విషానికి మూలం. సి దానికి కొవ్వు ఆమ్లాన్ని జోడిస్తుంది. అది లేనిదే విషం పనిచేయదు. బి, డి జన్యువుల ప్రోటీన్లు టోల్-సి అను మరొక ప్రోటీనుతో కలిసి విషాన్ని బయటకు పంపుతాయి.

జన్యు నియంత్రణ

ఈ విషం తయారీ బాక్టీరియాకు ఖర్చుతో కూడిన పని. కనుక హెచ్-ఎన్.ఎస్., హెచ్.హెచ్.ఎ. అను ప్రోటీన్లు ఈ జన్యువులను అణచి ఉంచుతాయి. ఆ అణచివేత తొలగినా మరొక అడ్డంకి ఉంది. జన్యువులను ఆర్.ఎన్.ఎ.గా నకలు తీసే ఎంజైము చాలాసార్లు ఎ దాటగానే ఆగిపోతుంది. అప్పుడు బి, డి తగినంతగా తయారుకావు; తయారైన విషం కణంలోనే చిక్కుకుంటుంది. ఆర్.ఎఫ్.ఎ.-హెచ్ అను ప్రోటీను ఆ ఎంజైమును అంటిపెట్టుకొని చివరి వరకు నడిపిస్తుంది. ఆర్.ఎఫ్.ఎ.-హెచ్ లేని బాక్టీరియా ఎలుకలలో చాలా బలహీనంగా ఉన్నట్లు ప్రయోగాలలో తేలింది.

సి.ఎన్.ఎఫ్.1

ఈ విషం రో అను ప్రోటీనులోని ఒక గ్లూటమిన్‌ను గ్లూటమిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఒక్క అమైనో ఆమ్లం మారగానే రో ఆగని మీటవలె పనిచేస్తూనే ఉంటుంది. కణం ఆకారం చెడుతుంది. దీని జన్యువు తరచు హీమోలైసిన్ జన్యువుల పక్కనే ఉంటుంది.

వ్యాధికారక ద్వీపాలు

ఈ జన్యువులు ఇతర బాక్టీరియాల నుండి గుత్తులుగా వచ్చి చేరినవి. ఇటువంటి గుత్తులను వ్యాధికారక ద్వీపాలు అంటారు. జర్మనీలో పరిశోధించిన 536 అను రకంలో ఇవి వాటంతటవే ఊడిపోవుట గమనించారు. ఊడిపోతే విషమూ పోతుంది. 2002లో సి.ఎఫ్.టి.073 అను రకపు జన్యుక్రమం వెలువడింది. దానిని ప్రయోగశాల రకంతోను, రక్త విరేచనాలు కలిగించే రకంతోను పోల్చగా, మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ప్రోటీన్లు 39.2 శాతమే!

హైదరాబాదులో పరిశోధన

పూణేలో సేకరించిన ఎన్.ఎ.114 అను మూత్రనాళ ఇ.కోలై జన్యుక్రమాన్ని హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని నియాజ్ అహ్మద్ బృందం 2011లో ప్రచురించింది. ఇది అనేక మందులకు లొంగని, ప్రపంచమంతటా వ్యాపించిన ఎస్.టి.131 వంశానికి చెందినది. విషమూ, మందుకు లొంగకపోవడమూ ఒకటి కాదు, వాటి జన్యువులు వేరు. ఆసుపత్రిలో చేసే మూత్ర కల్చర్ పరీక్ష క్రిమి పేరును, దానికి ఏ మందు పనిచేయునో తెలుపుతుంది గాని విష జన్యువుల సంగతి చెప్పదు. క్రిమిని చంపక విషాన్ని మాత్రమే ఆపే మందులు ఇంకను పరిశోధన దశలోనే ఉన్నాయి.