నీలిరంగు చెప్పిన లెక్కలు

బయోకెమిస్ట్రీ విద్యార్థులు తరతరాలుగా చేస్తూ వచ్చిన ఫిస్క్–సుబ్బారావు పరీక్ష 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో అచ్చయింది. రక్తంలోనో మూత్రంలోనో కండరంలోనో ఫాస్ఫరస్ ఎంత ఉందో తేల్చడం దాని పని. ఫిస్క్ అంటే హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో బయోకెమిస్ట్రీ చెప్పిన సైరస్ ఫిస్క్. సుబ్బారావు అంటే యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1923లో బోస్టన్ చేరిన వైద్యుడు. ఆయన పేరు ఎత్తగానే మందుల జాబితా చదవడం తెలుగునాట అలవాటు. ఆ మందులన్నిటికీ ముందు ఆయన చేతిలో ఉన్నది ఒక కొలత అన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాదు.

పరీక్ష ఇలా సాగుతుంది. నమూనాకు ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం కలిపితే ప్రోటీన్లు విరిగిపోతాయి. వడగట్టగా వచ్చిన తేటకు సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తారు. తేటలోని ఫాస్ఫేట్ దానితో కలిసి ఫాస్ఫోమాలిబ్డేట్ అవుతుంది. ఆపై అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వేస్తే అది క్షయకరణం చెంది నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. అప్పటిదాకా వాడుకలో ఉన్న బెల్–డాయిజీ పద్ధతిలోనూ నీలిరంగే వచ్చేది గానీ, చూస్తుండగానే వెలిసిపోయేది. కొత్త పద్ధతిలో రంగు త్వరగా వచ్చి నిలబడేది, నమూనాలోని ఇతర పదార్థాలు దాన్ని పెద్దగా చెడగొట్టేవి కావు.

రంగును చదివే పరికరం డ్యుబాస్క్ కలరీమీటరు. రెండు గాజు గిన్నెలుంటాయి. ఒకదాంట్లో ఫాస్ఫేట్ పాళ్లు తెలిసిన ద్రావణం, మరోదాంట్లో నమూనా. పైనుంచి కటకంలోకి చూస్తే రెండు అర్ధచంద్రాకారాలు పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటి రంగూ ఒక్కటయ్యేదాకా ద్రవం లోతును మారుస్తూ పోయి, లోతుల నిష్పత్తి నుంచి పాళ్లు లెక్కగడతారు. అసలు మీటరు మనిషి కన్నే! ఫొటో ఎలక్ట్రిక్ యంత్రాలు ఆ పనిని తర్వాత తీసుకున్నాయి.

ఈ పద్ధతిని కండరానికి వాడినప్పుడు ఒక చిక్కు వచ్చింది. నీలిరంగు రావలసిన వేళకు పూర్తిగా రాలేదు, ఆలస్యంగా పెరుగుతూ పోయింది. పరీక్షలో లోపమని వదిలేస్తే కథ అక్కడితో ఆగేది. ఇద్దరూ ఆ ఆలస్యాన్నే వెంబడించారు. కండరంలో ఫాస్ఫేట్ అంతా విడిగా లేదు, కొంత భాగం క్రియేటిన్‌తో ముడిపడి ఉంది. పరీక్షలో వాడే ఆమ్లం, మాలిబ్డేట్ కలిసి ఆ ముడిని మెల్లగా విప్పుతున్నాయి, విడివడిన ఫాస్ఫేట్ ఆలస్యంగా రంగు తేలుస్తోంది. 1927లో ‘సైన్స్’ పత్రికలో వారు ప్రకటించిన ఫాస్ఫోక్రియేటిన్ కథ ఇదే. ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా అదే ఏడాది ఆ పదార్థం జాడ పట్టారు. 1929లో ఫిస్క్, సుబ్బారావు కండరం నుంచి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వేరుచేశారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దాన్ని కనుగొన్నారు.

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. అక్కడి పరిశోధన బాధ్యతలు త్వరలోనే ఆయన చేతికొచ్చాయి. కాలేయంలో రక్తహీనతను తగ్గించే పదార్థమేదో ఉందని అప్పటికి తెలుసు. లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనత ఈస్ట్ సారమైన మార్మైట్‌తో నయమవుతోందని 1931లోనే రాశారు. టెక్సస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూరను పిండి తీసిన పదార్థానికి 1941లో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. ఈ వేటలో సుబ్బారావుకు సొంత దుఃఖం కూడా ఉంది. ఆయన సోదరులు పోషకాలు ఒంటికి పట్టనివ్వని స్ప్రూ జబ్బుతో పోయారు, ఆయనకూ అది సోకి తగ్గింది.

అయితే టన్నుల్లోంచి చిటికెడు తీయాలంటే, ప్రతి మెట్టులోనూ సరుకు ఏ పాత్రలో ఉందో తెలియాలి. ఆ పని రంగుతో కాదు, బ్యాక్టీరియాతో జరిగింది. లాక్టోబాసిల్లస్ కేసీ అనే సూక్ష్మజీవికి ఫోలిక్ ఆమ్లం తప్ప మిగతా పోషకాలన్నీ పెడతారు. అది పెరగదు. పరీక్షించాల్సిన ద్రవం కొద్దిగా వేస్తే, అందులో ఫోలిక్ ఆమ్లం ఎంత ఉంటే అంత మేరకే పెరుగుతుంది. గొట్టం ఎంత మసకబారిందో చూసిగానీ, పుట్టిన లాక్టిక్ ఆమ్లాన్ని క్షారంతో టైట్రేట్ చేసిగానీ లెక్క తేలుస్తారు. ఈ కొలత తోడుగా లెడర్లీలో స్టాక్‌స్టాడ్ 1943 నాటికి స్ఫటికాలు తీశారు.

ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన సంగతిని 1945లో లెడర్లీ బృందం ‘సైన్స్’లో ప్రకటించింది. ఫోలిక్ ఆమ్లంలో మూడు ముక్కలున్నాయి. టెరిడిన్ వలయం, పారా అమినో బెంజోయిక్ ఆమ్లం, గ్లూటామిక్ ఆమ్లం. టెరిడిన్‌ను విడిగా కట్టుకుని మిగతావి అతికించే దారి చాలా దూరం. పెర్ల్ రివర్ రసాయనవేత్తలు ట్రైఅమినో హైడ్రాక్సీ పిరిమిడిన్, డైబ్రోమో ప్రొపియోనాల్డిహైడ్, పారా అమినో బెంజోయిల్ గ్లూటామిక్ ఆమ్లం అనే మూడింటినీ ఒకే పాత్రలో కలిపి పని కానిచ్చారు. పాత్రలో తేలినదంతా మందు కాదు, పనికిరానిదే ఎక్కువ. అందులో అసలు సరుకు పాలెంతో చెప్పడానికి మళ్లీ ఆ బ్యాక్టీరియానే దిక్కైంది. ఈ పనిని ఒక్క సుబ్బారావుకే కట్టబెట్టడం సరికాదు. ఆంజియర్, వాలర్, హల్ట్‌క్విస్ట్ వంటి వారు ఎందరో ఆ వ్యాసాల మీద సంతకం చేశారు. అంతమందిని ఒక దారిలో నడపడం ఆయన పని.

తయారీ చేతికొచ్చాక ముక్కలు మార్చి చూడడం తేలికైంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్లపు సంయోగాలు ఇచ్చినప్పుడు లుకేమియా జోరు పెరుగుతోందని అనుమానించారు. అలాగైతే దాన్ని అడ్డుకునే పదార్థం జబ్బును తగ్గించాలి. పెర్ల్ రివర్ తయారీలో, పిరిమిడిన్ భాగంలో హైడ్రాక్సిల్ స్థానంలో అమినో సమూహం ఉన్న ముడిసరుకు వాడితే అమినోప్టెరిన్ వచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ బృందం ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. అమినోప్టెరిన్ అణువుకు ఒక మిథైల్ సమూహం చేర్చగా వచ్చినదే మెథోట్రెక్సేట్.

బోదకాలు మందు డైఇథైల్ కార్బమజైన్ కూడా పెర్ల్ రివర్‌లోనే 1947లో బయటపడింది. అక్కడ కొలత మరీ మోటుది. పురుగు సోకిన కాటన్ ర్యాట్ ఎలుకల రక్తపు బొట్టులో ఆ పురుగు పిల్లలైన మైక్రోఫైలేరియాలు ఎన్ని మిగిలాయో సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టేవారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఫైలేరియా నివారణకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే.

మందు బయటపడడంతో కొలత అవసరం తీరదు. మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వారానికొకసారి చిన్న మోతాదులో ఇస్తారు. కొన్ని క్యాన్సర్లకు మాత్రం ఇచ్చేది భారీ మోతాదు. అప్పుడు ఆరోగ్యకరమైన కణాలను కాపాడడానికి ఫోలినిక్ ఆమ్లాన్ని, అంటే ల్యూకోవొరిన్‌ను మెథోట్రెక్సేట్ ఎక్కించడం మొదలైన సుమారు 24 గంటల తర్వాతే మొదలుపెట్టి, 24, 48, 72 గంటలకు రక్తంలో మందు స్థాయి చూస్తారు. అది లీటరుకు 0.1 మైక్రోమోల్ కంటే తగ్గేదాకా సాధారణంగా ల్యూకోవొరిన్ ఆపరు. మూత్రపిండాలు దెబ్బతిని మందు బయటికి పోకుంటే గ్లూకార్పిడేజ్ అనే ఎంజైమును ఎక్కిస్తారు. అది మెథోట్రెక్సేట్‌ను రెండుగా చీలుస్తుంది. వాటిలో ఒక ముక్క అసలు మందును పోలి ఉండడంతో, ఆసుపత్రుల్లో మామూలుగా వాడే ఇమ్యునోఅస్సే యంత్రాలు దాన్నీ కలిపి లెక్కగట్టి స్థాయిని ఎక్కువ చేసి చూపుతాయి. అందుకే ఆ ఎంజైము ఇచ్చాక కనీసం 48 గంటలపాటు ముక్కలను విడదీసి చూసే క్రొమాటోగ్రఫీ పరీక్షనే నమ్ముతారు.