ఇసుకలోంచి లేచిన ఇంజన్

కారులో ఇంజన్ మార్చడమంటే ఒకటి దించి ఇంకొకటి ఎక్కించడమే కాదు. దాని బలాన్ని గేర్‌బాక్సు, ఇరుసు, చక్రాలు అన్నీ తట్టుకోవాలి.

1920లలో ఇంగ్లండులో కౌంట్ లూయీ జబొరోవ్స్కీ తన ఎస్టేటులోనే ఓ రేసుకారు కట్టించారు. అందులో పెట్టించింది 27 లీటర్ల లిబర్టీ విమాన ఇంజన్! గేర్‌బాక్సు పాత బెంజ్ కారుది. వెనుక చక్రాలను గొలుసులు తిప్పేవి. 1924లో ఆయన రేసులో మరణించాక, వేల్స్ ఇంజనీరు పారీ థామస్ ఆ కారు కొన్నారు. పిస్టన్లు తానే రూపొందించి, నాలుగు కార్బురేటర్లు బిగించి, 'బాబ్స్' అని పేరు పెట్టారు. 1926 ఏప్రిల్‌లో పెండైన్ సముద్రతీరంలో గంటకు సుమారు 275 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు సాధించారు. 1927 మార్చి 3న అదే తీరంలో, అదే కారులో ప్రాణం విడిచారు. కారును ఆ ఇసుకలోనే పూడ్చేశారు.

గొలుసు తెగడమే కారణమని లోకం నమ్మింది. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అనే టెక్నికల్ కాలేజీ అధ్యాపకుడు కారును తవ్వితీసి, ఏళ్ల తరబడి శ్రమించి మళ్ళీ నడిపించారు. ముందు దెబ్బతిన్నది వెనుక చక్రమేమోనన్న వాదన ఆ తరువాత బలపడింది.

"ముందు విప్పి చూడు, తరువాత చెప్పు" అని మన మాస్టార్లు అనేది ఇందుకే కదా!