సంకేతపదమును దాచు విధము

పెట్టెకు తాళము వేయుట సులభము. తాళపుచెవిని ఎచ్చట దాచవలెనన్నదే చిక్కు. లినక్సు వ్యవస్థతో నడచు ల్యాప్‌టాప్ కంప్యూటరును మూసి మరల తెరచినచో, అది ఇంటిలోని వైఫై జాలమును గుర్తించి, ఎవరినీ ఏమియు అడుగక దానితో కలిసికొనును. చూచుటకు ఇది స్వల్ప విషయము. కాని యంత్రము సంకేతపదమును, అనగా పాస్‌వర్డును, జ్ఞప్తియందుంచుకొనుట వెనుక అరువది ఏండ్లకు మించిన చరిత్ర కలదు.

మొదటి పట్టిక

ఒకే కంప్యూటరును పెక్కుమంది ఏకకాలమున వాడుకొను పద్ధతిని 1961లో అమెరికాయందలి ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో, ఆయన సహచరులు ప్రదర్శించిరి. ఒకరి ఫైళ్లను మరియొకరు చూడకుండుటకై ఆ యంత్రమున ప్రతివారికి ఒక సంకేతపదము ఏర్పరుపబడెను. ఆ పదములన్నియు ఒక పట్టికలో ఉన్నవి ఉన్నట్లుగా వ్రాయబడి యుండెడివి. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన కాలము చాలక, ఆ పట్టికను అచ్చువేయించుకొని ఇతరుల కాలమును వాడుకొనెను. 1966లో మరియొక వింత జరిగెను. లోనికి వచ్చినవారికి ఆనాటి ప్రకటన కనిపించుటకు బదులు, పొరపాటున పట్టిక యావత్తు వారి టైపు యంత్రములపై అచ్చయ్యెను.

పిండియైన బియ్యము

ఈ అపాయమునకు చక్కని విరుగుడు యూనిక్సు వ్యవస్థలో కనబడును. బెల్ ప్రయోగశాలకు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో దీనిని వివరించిరి. తిరుగలిలో వేసిన బియ్యము పిండియగును గాని, పిండి మరల బియ్యము కాదు. అట్లే సంకేతపదమును గణితరీత్యా నలుగగొట్టి, వచ్చిన ఫలితమును మాత్రమే యంత్రము దాచును. వాడుకరి మరల పదమును చెప్పినప్పుడు దానిని కూడ అట్లే నలుగగొట్టి, రెండు ఫలితములను పోల్చి చూచును. పట్టిక దొంగ చేతికి చిక్కినను అందు పిండియే గాని బియ్యము ఉండదు. యూనిక్సు నమూనాను అనుసరించి 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సునకు కూడ ఈ ఉపాయము సంక్రమించెను.

కావలివాడు, అతిథి

అయినచో వైఫై సంకేతపదమును కూడ ఇట్లే దాచరాదా? దాచరాదు. వాకిట నిలుచు కావలివాడు మాటను గుర్తుపట్టగలిగిన చాలును. వచ్చెడి అతిథి మాత్రము ఆ మాటను తానే చెప్పవలెను. వైఫై విషయమున ల్యాప్‌టాపు కావలివాడు కాదు, అతిథి.

వైఫై ప్రమాణము 1997లో వెలువడెను. అందలి తొలి రక్షణ పద్ధతి బలహీనమైనదని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. 2004 నాటికి స్థిరపడిన డబ్ల్యు.పి.ఎ.2 పద్ధతిలో, 8 మొదలు 63 వరకు అక్షరములు గల పదమును జాలము పేరుతో కలిపి 4096 మారులు నలుగగొట్టి, 256 బిట్ల తాళపుచెవిని తయారుచేయుదురు. లినక్సున జౌని మాలినెన్ రచించిన సప్లికెంట్ అను ప్రోగ్రాము ఈ పని చేయును. పదమునకు బదులు ఈ తాళపుచెవినే ఫైలులో దాచవచ్చును. అప్పుడు దొంగకు అసలు పదము తెలియకపోవచ్చును. కాని ఆ జాలములో ప్రవేశించుటకు ఆ తాళపుచెవియే చాలును. ఇచ్చట పిండియే బియ్యపు పని చేయుచున్నది!

రెండు పెట్టెలు

2004లో రెడ్ హ్యాట్ సంస్థ నెట్‌వర్క్ మేనేజరు అను ప్రోగ్రామును ప్రారంభించెను. తొలినాళ్లలో ఇది వాడుకరి సంకేతపదములను అతని కీరింగు అను పెట్టెలో ఉంచెడిది. ఆ పెట్టెకు సాధారణముగా వాడుకరి లాగిన్ పదమే తాళపుచెవి. ఇది భద్రమే. కాని అతడు లాగిన్ అగువరకు వైఫై కలియదు. పదము అడుగకయే లాగిన్ అగునట్లు ఏర్పాటు చేసికొన్నచో పెట్టెను తెరచుటకు తాళపుచెవి దొరకదు. కనుక యంత్రము ప్రతిమారును పదము అడుగుచుండును.

2011లో వెలువడిన 0.9 రూపమున జాలముల వివరములన్నియు వ్యవస్థ అధీనమునకు వచ్చినవి. సంకేతపదమును మాత్రము వ్యవస్థ ఫైలులో గాని, వాడుకరి కీరింగులో గాని ఉంచవచ్చును; లేదా ఎచ్చటను ఉంచక ప్రతిమారు అడుగుమనవచ్చును. వ్యవస్థ ఫైలును రూట్ అను అధికారి తప్ప అన్యులు చదువజాలరు. అయినను అందు పదము ఉన్నది ఉన్నట్లే యుండును. డిస్కును ఊడదీసి వేరొక యంత్రమునకు తగిలించినచో, రూట్ అధికారము అచ్చట ఆ దొంగదే యగును.

కావున యంత్రమును పలువురు వాడుచున్నచో కీరింగు మేలు. ఎవరును లాగిన్ కాకముందే జాలము కావలసినచో వ్యవస్థ ఫైలు తప్పదు. అప్పుడు డిస్కునంతటిని గూఢలిపిలోనికి మార్చుట అవసరము. ఆ డిస్కును తెరచుటకు సాధారణముగా మరియొక పదము కావలెను. దానిని మాత్రము యంత్రమున గాక మనుష్యుడు తన జ్ఞాపకమున ఉంచుకొనవలసినదే.