నడివయసు స్త్రీల బరువు: తూకం, టేపు, వయసు

మన దేశంలో స్త్రీల బరువు గురించి ఎవరు రాసినా ముందు తెరిచేది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2019–21లో జరిగిన అయిదో సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 24 శాతం స్త్రీలు అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 36.3, తెలంగాణలో 30.1. ఈ అంకెలు పత్రికల్లో బాగానే నలిగాయి. వాటి వెనక ఉన్న వయోపరిమితి మీద మాత్రం పెద్దగా చర్చ జరగలేదు. ఆ సర్వేలో బీపీ, షుగరు 15 ఏళ్ళు దాటిన అందరికీ చూశారు. స్త్రీల బరువు, నడుము చుట్టుకొలత మాత్రం 49 ఏళ్ళ దగ్గర ఆపేశారు. పిల్లల్ని కనే వయసు దాటిన స్త్రీ ఒంటి కొలతలు లెక్కలోకి రాకుండా పోయాయి. ఒంట్లో కొవ్వు చోటు మారేది సరిగ్గా ఆ వయసులోనే.

ఈ వ్యాసంలో నా వాదన ఒకటే. నడివయసు స్త్రీకి ఆరోగ్యకరమైన బరువు ఎంతో ఎత్తు–బరువు పట్టిక ఒక్కటే తేల్చలేదు. పడుచు వయసు నుంచి ఎన్ని కిలోలు పెరిగింది, పెరిగినది ఎక్కడ చేరింది అన్నవి కూడా అడగాలి.

ముందు పట్టిక సంగతి. కిలోల్లో బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించే పద్ధతి బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ క్వెట్లేది, 19వ శతాబ్దం తొలి సగానిది. ఆయనకు కావలసింది జనసమూహాల సగటు మనిషి. ఒక్కొక్కరి ఒంట్లో కొవ్వెంత అన్నది ఆయన ప్రశ్నే కాదు. 1972లో అన్సెల్ కీస్ బృందం దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాక అది మెల్లగా ప్రతి ఆసుపత్రి గోడకూ ఎక్కింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 దాటితే అధిక బరువు అంది. ఆసియా వాళ్ళకు అంతకంటే తక్కువలోనే షుగరు, గుండెజబ్బు మొదలవుతున్నాయని 2004లో దాని నిపుణుల బృందమే 23ను హెచ్చరిక గీతగా సూచించింది. 2009లో భారతీయ వైద్యులు చేసుకున్న ఏకాభిప్రాయం ప్రకారం 23 నుంచి అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం. స్త్రీల నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదు. కుటుంబ ఆరోగ్య సర్వే ఇంకా 25నే పట్టుకుని లెక్కిస్తుంది కాబట్టి, పైన చెప్పిన 36.3 కూడా మన గీత ప్రకారం తక్కువ అంచనాయే.

ఈ గీతల్ని కిలోల్లోకి మారిస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. మన స్త్రీల సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ ఎత్తుకు 23 అంటే 53 కిలోలు. 25 అంటే 58 కిలోలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లో ప్రమాణంగా తీసుకున్న భారతీయ స్త్రీ బరువు 55 కిలోలు. దాన్ని పట్టుకుని ‘ఆడవాళ్ళకి యాభై అయిదు ఉండొచ్చు’ అనేవారున్నారు. కానీ ఆ ప్రమాణ స్త్రీ వయసు 19–39 మధ్య, ఎత్తు 162 సెంటీమీటర్లు. పది సెంటీమీటర్లు పొట్టిగా ఉన్న యాభై ఏళ్ళావిడకు అదే 55 గీత దాటిన బరువు.

గీత దాటకపోయినా నిశ్చింతగా ఉండలేం. పుణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన నిలబడి ఫొటో వేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. ఇద్దరూ మగవాళ్ళే. అదే పాఠం యాభై దాటిన స్త్రీల జంటతో చెప్పి ఉంటే ఇంకా బలంగా ఉండేదనిపిస్తుంది.

ఎందుకంటే, నెలసరి ఆగే కాలంలో జరిగే మార్పు తూకానికి అందదు. అమెరికాలో 1990ల మధ్యలో మొదలై, వేల మంది నడివయసు స్త్రీల్ని ఏళ్ళ తరబడి పరిశీలించిన స్వాన్ అధ్యయనం దీనికి మంచి ఆధారం. అందులో కొవ్వునూ కండనూ స్కానింగుతో విడివిడిగా కొలిచి 2019లో ప్రకటించిన ఫలితం ఇది: బరువు వయసుతోపాటు నిదానంగా పెరుగుతూ పోయింది, నెలసరి మారే దశలో ఆ వేగమేమీ మారలేదు. లోపల మాత్రం కొవ్వు చేరే వేగం దాదాపు రెట్టింపైంది, కండ తగ్గడం మొదలైంది. చివరి నెలసరి తర్వాత సుమారు రెండేళ్ళ వరకూ ఈ తీరు సాగింది. ఈస్ట్రోజన్ తగ్గేకొద్దీ తొడలు, పిరుదుల దగ్గర చేరే కొవ్వు పొట్ట లోపలికి, పేగుల చుట్టూ చేరుతుంది. అక్కడి నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. ‘నా బరువు పెళ్ళినాటి నుంచి రెండు కిలోలే పెరిగింది, జాకెట్లు మాత్రం పట్టడం లేదు’ అనే ఆవిడ చెబుతున్నది ఈ సంగతే. స్వాన్‌లో నల్లజాతి, చైనా, జపాన్, హిస్పానిక్ మూలాల స్త్రీలు ఉన్నారు, మన ఉపఖండం వాళ్ళు ప్రత్యేక వర్గంగా లేరు. అందుకని అంకెల్ని యథాతథంగా తెచ్చుకోలేం. దిశను మాత్రం నమ్మవచ్చు.

ఇక పెరిగిన కిలోల సంగతి. అమెరికా నర్సుల మీద 1976 నుంచి సాగుతున్న అధ్యయనంలో పద్దెనిమిదేళ్ళ నాటి బరువుకూ యాభై అయిదేళ్ళ నాటి బరువుకూ ఉన్న తేడాను లెక్కగట్టారు. 2017లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం పెరిగిన ప్రతి 5 కిలోలకూ మధుమేహం ముప్పు దాదాపు 30 శాతం హెచ్చింది. దీన్ని మన 152 సెంటీమీటర్ల స్త్రీకి పెట్టి చూద్దాం. పద్దెనిమిదేళ్ళకు 42 కిలోలు, యాభైకి 52. పట్టిక ప్రకారం ఆవిడకు ఏ లోటూ లేదు, బీఎంఐ 22.5. కానీ మోసేది పది కిలోల అదనపు బరువు, అంటే మొదటి బరువులో దాదాపు నాలుగో వంతు. ‘సంసారం, పిల్లలు వచ్చాక ఒళ్ళు చేయడం మామూలే’ అని అందరూ సర్దిచెప్పేది ఇలాంటి ఆవిడకే.

తెలుగు ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2015–16 నాటి నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న 15–49 ఏళ్ళ స్త్రీలు దేశంలో 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం. చాలామందికి ఆపరేషన్ ముప్ఫైల్లోనే జరిగింది. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఉంచినా వాటి పని కొంత ముందుగానే మందగించవచ్చు. పైగా నెలసరి లేదు కాబట్టి ఆ మార్పు ఎప్పుడు వచ్చిందో ఆవిడకే తెలియదు. నడివయసు అంటే 45 నుంచి 60 అని గీసుకునే పాఠ్యపుస్తకాల లెక్క ఇక్కడ తప్పుతుంది. ముప్ఫై ఆరేళ్ళకే ఆవిడ శరీరం నడివయసు కొవ్వును మోయడం మొదలుపెట్టి ఉండవచ్చు.

పల్లెలో ఆశా కార్యకర్త ముప్ఫై దాటిన వాళ్ళకు షుగరు, బీపీ లాంటి జబ్బుల ముప్పు అంచనా వేయడానికి నింపే సీబ్యాక్ ఫారంలో నడుము కొలత ఉంది. స్త్రీలకు 80 వరకూ సున్నా, 81 నుంచి 90 దాకా ఒక మార్కు, 90 దాటితే రెండు. ఇది మంచి ఏర్పాటు. గర్భసంచి ఆపరేషన్‌కు, ఆగిపోయిన నెలసరికి మాత్రం మార్కులు లేవు. టేపు పెట్టేచోట ఇంకో ఇబ్బంది. కొలవవలసింది చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక, నేరుగా ఒంటి మీద. కుచ్చిళ్ళ మీంచి టేపు చుడితే కొలత ఎక్కువొస్తుంది. లంగా బొందు దగ్గర పెడితే పొట్ట కిందికి జారి మరో కొలత వస్తుంది. అరుగు మీద నలుగురి ముందు ఎవరూ చీర కుచ్చిళ్ళు తీయరు. కాబట్టి కార్యకర్త అంచనాతో రాసేస్తుంది. నాకు తెలిసినంతలో ఫారంలో అతి బలహీనమైన గడి ఇదే. ఒక గది, ఒక తలుపు ఉంటే తీరే సమస్య.

తగ్గించుకోవడం దగ్గరికొస్తే, మనవాళ్ళ మొదటి అడుగు రాత్రి అన్నం మానేయడం. శనివారం ఒంటిపూట ఉన్నవాళ్ళు రాత్రికి ఉప్మాతోనో పూరీతోనో లోటు తీర్చేస్తారు కాబట్టి ఆ లెక్క పక్కన పెడదాం. నిజంగా మానేసినవాళ్ళకు పోయేది కొవ్వు ఒక్కటే కాదు. తగ్గిన బరువులో నాలుగో వంతు దాకా కండ ఉండవచ్చు. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన మౌంజారో, వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. 55 కిలోల స్త్రీకి రోజుకు 45.7 గ్రాముల మాంసకృత్తులు సిఫార్సు. ఉదయం ఇడ్లీ, చట్నీ, మధ్యాహ్నం అన్నంలో పల్చని చారు, పచ్చడి, రాత్రి ఏమీ లేకపోతే అందులో సగం అందడం కూడా కష్టమే. ముద్దపప్పు, గుడ్డు, పెరుగు, శనగలు పెంచి అన్నం కొలత తగ్గించడం వేరే సంగతి. దానికి వారానికి రెండు రోజులైనా బరువులెత్తే వ్యాయామం తోడవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడకతోపాటు దాన్ని కూడా చెబుతుంది.

తూకం కదలకపోయినా ఫలితం ఉంటుందనడానికి మన పక్కనే ఆధారముంది. చెన్నైలో అంబాడి రామచంద్రన్ బృందం నడిపిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనం 2006లో వెలువడింది. షుగరు అంచున ఉన్న 531 మందిలో ఆహారం, నడక మార్చుకున్నవారికి మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది. బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. స్త్రీలు అందులో 110 మందే. మన నడివయసు స్త్రీల మీదే అలాంటి పరిశోధన జరగవలసి ఉంది.

ఇదంతా బరువు పెరిగినవాళ్ళ గురించి. అయిదో సర్వేలోనే తెలంగాణలో 18.8 శాతం, ఆంధ్రలో 14.8 శాతం స్త్రీలు ఉండవలసినదానికంటే సన్నగా ఉన్నారు. యాభై దాటాక సన్నదనం ఎముకల్ని గుల్ల చేస్తుంది, పడితే తుంటి విరిగే ప్రమాదం పెంచుతుంది. డైటింగు చేయకుండానే ఆరునెలలు, ఏడాదిలో బరువు అయిదు శాతం తగ్గిన ఆవిడను ‘బాగా సన్నబడ్డావు’ అని మెచ్చుకుని పంపేయకూడదు. 50 కిలోల మనిషికి అది రెండున్నర కిలోలే. షుగరు, థైరాయిడ్ చూపించాలి. దగ్గు ఉంటే కఫం పరీక్ష, నెలసరి ఆగాక మళ్ళీ రక్తం కనిపిస్తే గర్భాశయ పరీక్ష ఆ వారంలోనే చేయించాలి.